పాటలోని మాట - నాటి అర్థము

పాట వినుట వేరు, పాటను తెలిసికొనుట వేరు. రేడియో యున్న యింట దినమునకు ఎన్ని పాటలు వినవచ్చునో లెక్క లేదు. పొయ్యి ముందర కూర్చున్న యిల్లాలు, పనికి బయలుదేరు కార్మికుడు, బడికి పోవు పిల్లవాడు, అందరును వాటిని విందురు. రాగము మనస్సున నిలుచును, మాటలు నోటికి వచ్చును. కాని ఆ మాటను నాడు ఎవ్వరు, ఎవ్వరితో, ఏ కష్టము నడుమ పలికిరో అడుగువారు తక్కువ. తెలంగాణమున ఈ ప్రశ్న సాహిత్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఇచ్చటి సామాన్యుల చరిత్రలో పెద్ద భాగము కాగితము మీద లేదు, పాటలోనే యున్నది. పాట అర్థము చెడినచో ఆ చరిత్రయు చెడును.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములో లక్డారం అను గ్రామము కలదు. దాని పరిసరములలో రాతి గనులు, కంకర యంత్రములు ఉన్నవి. చుట్టుపట్ల మందుల కర్మాగారములు, ఇనుప వస్తువుల కర్మాగారములు వెలసినవి. 1972లో ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ పటాన్‌చెరులో నెలకొన్నది. ఆ దశాబ్దములోనే పారిశ్రామికవాడయు పెరుగనారంభించినది. తాత కార్తెలను బట్టి దినములు లెక్కించెను. మనుమడు షిఫ్టులను బట్టి లెక్కించుచున్నాడు. ఇద్దరును ఒకే పాట వినవచ్చును. అయినను ఇద్దరికి తోచు అర్థము ఒకటి కాకపోవచ్చును. దీనికి ఒక్క మాట చాలు, ఉదాహరణముగా చూతము.

ఆ మాట ‘జీతము’. నేడు కర్మాగారములో పనిచేయు యువకునికి జీతమనగా నెల తిరుగగనే బ్యాంకు ఖాతాలో పడు సొమ్ము. కాని తాతల కాలమున ‘జీతమునకు కుదురుట’ అనగా ఏడాది పొడవునను ఒక ఆసామి యింట కట్టుబడి యుండుట. తండ్రి చేసిన అప్పునకు కొడుకు జీతగాడగుట సామాన్యము. ఎనిమిది పదేండ్ల బాలుడు తెల్లవారకముందే పశువులను తోలుకొని పోవలెను. చేతికి వచ్చునది కొలత ప్రకారము కొంత గింజ. అదియు అప్పు క్రిందనో వడ్డీ క్రిందనో కొంత పోవును. హైదరాబాదు రాజ్యమున దీనికి ‘భగేలా’ అను పేరు కూడ కలదు. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒడంబడికలను అదుపు చేయుటకు ఒక శాసనము చేసినది. నలువది ఏండ్ల తరువాత, 1976లో, భారత పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును చేసినపుడు, దేశమున ఏయే పేర్లతో ఈ బానిసత్వము నడచుచుండెనో ఆ పట్టికను చట్టములోనే చేర్చినది. అందు భగేలా, జీతా, పాలేరు, వెట్టి అను పేర్లు నాలుగును ఉన్నవి.

ఇప్పుడు సుద్దాల హనుమంతు కట్టిన పశుల కాపరి బాలుని పాటను తలచుకొనుడు. 1940ల తెలంగాణ రైతాంగ పోరాట కాలమున పుట్టిన పాట యది. పసివానిని పేరుపెట్టి పిలువక, పల్లెటి బిడ్డగా పలుకరించి, అతని ఒంటి మీది బట్టను, కాలి క్రింది ముల్లును, కడుపులోని ఆకలిని ఒక్కొక్కటిగా అడుగు పద్ధతి దానిది. జీతమను మాటకు నేటి అర్థము మాత్రమే యెరిగినవాడు దానిని పల్లె సొగసును చెప్పు పాటగా వినును. ఆవులు, పచ్చిక, పిల్లవాడు అని కన్నుల ముందు ఒక చిత్రము కట్టుకొనును. నాటి అర్థము తెలిసినవానికి అది ఒక విచారణ. ఆ పాటలోని ప్రశ్నలు పిల్లవానికి వేసినట్లే యుండును గాని, సమాధానము చెప్పవలసినవాడు పిల్లవాడు కాడు. వానిని పనికి పెట్టినవాడు, చూచుచు ఊరకున్న ఊరు, ఆ ఏర్పాటును నిలిపిన సర్కారు సమాధానము చెప్పవలెను.

రెండవ ఉదాహరణము బండి యాదగిరి కట్టిన బండ్ల పాట. తెలంగాణమున దానిని విననివారు అరుదు. బారులు తీరిన బండ్లను చూపి, అధికారముతో విర్రవీగువానిని ఎగతాళిగా నిలదీయుట దాని పోకడ. ఇందు బండి ఎందుకు వచ్చినదని అడుగవలెను. అందము కొరకు రాలేదు. నాటి వెట్టిలో బండి యొక ముఖ్యమైన బాధ. దొర ప్రయాణమైనను, సర్కారు ఉద్యోగి మకామునకు వచ్చినను, రైతు తన పొలము పని విడిచి, తన యెద్దులను తన బండికి కట్టి, కూలి లేక తోలవలెను. చాకలి, కుమ్మరి, మంగలి మున్నగు వృత్తులవారికి ఎవరి వెట్టి వారికి ఉన్నట్లే, బండి కలవానికి ఈ వెట్టి ఉండెడిది. కనుక బండ్ల బారు అనగానే నాటి శ్రోతకు తన యెద్దుల మెడ మీది పుండు గుర్తునకు వచ్చును. తాను వెట్టికి తోలిన బండ్లనే తన పాటలో తన వెక్కిరింతకు సాధనముగా మార్చుకొనుట, ఆ కవి చేసిన గొప్ప పని.

ఈ పాట ఎవరిని ఉద్దేశించినది? మన మెక్కువగా వినునది నిజాము సర్కారును సంబోధించు పాఠము. సూర్యాపేట ప్రాంతపు భూస్వామి జన్నారెడ్డి ప్రతాపరెడ్డిని సంబోధించు పాఠమును కూడ జనము పాడిరి. ఇది చిన్న భేదము కాదు. ఊరిలో కంటికి కనిపించు దొర నుండి కంటికి కనిపించని సర్కారు వరకు పాట ప్రయాణము చేసినదని దీని అర్థము. దొర వెనుక సర్కారున్నదని గ్రామీణులు గ్రహించిన తీరు ఈ సంబోధనలో ఉన్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి బలియైన తరువాత ఈ గ్రహింపు వేగముగా వ్యాపించినది.

ఇక్కడనే ఒక అపార్థమునకు చోటున్నది. నిజాము ముసల్మాను గనుక ఈ పాటలు ఒక మతము మీద ఇంకొక మతము వారు కట్టినవని కొందరు భావింతురు. పాటలోని మాటలను చరిత్రతో సరిచూచినచో ఆ భావము నిలువదు. ఊళ్లలో వెట్టి చేయించుకొన్న దేశముఖులలో అత్యధికులు హిందువులు. విసునూరు దేశముఖుతో భూమి కొరకు పోరాడి ప్రాణము కోల్పోయిన బందగీ ముసల్మాను. 1948 ఆగస్టులో రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు హత్యకు గురియైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముసల్మాను. ఈ సంగారెడ్డి జిల్లాలోని ఆందోలులో 1908లో జన్మించిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో అదే పోరాటమునకు గీతములు కట్టెను. పాటలోని ‘నైజాము’ ఒక పాలన పేరు. అది పన్ను పేరు, వెట్టి పేరు, గడి పేరు. ఆ మాటను మతముగా చదువుట పాటకు ద్రోహము. నేడు పక్క పక్క యిండ్లలో ఉన్నవారి నడుమ దాని వలన కలుగు చెరుపును వేరుగ చెప్పనక్కరలేదు.

1948 సెప్టెంబరు 17న నిజాము పాలన ముగిసినది. సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది. అయినను పాట ముగియలేదు. కృష్ణచందర్ నవల ఆధారముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నరసింగరావు నిర్మాతగా వచ్చిన ‘మా భూమి’ చిత్రము 1980లో విడుదలైనది. దాని చిత్రీకరణము చాల భాగము మెదక్ జిల్లా మంగళపర్తిలో జరిగినది. అందు బండ్ల పాటను పాడుచు తెర మీద కనిపించినవాడు గద్దర్. ఆయన మెదక్ జిల్లా తూప్రాను వాడు, 2023 ఆగస్టు 6న మరణించెను. 1980లో ఆ పాట విన్న యువకునికి నిజాము లేడు, కాని భూమి సమస్య యున్నది. అతడు ఆ సంబోధనలో తన కాలపు అధికారిని చూచెను. తరువాత ప్రత్యేక రాష్ట్రోద్యమమున అదే రాగమున మరికొన్ని పేర్లు చేరినవి. కావున జనము పాడు పాటకు అర్థము ఒక్కనాడు పుట్టి అక్కడనే ఆగదు. ఏ సంవత్సరమున ఎవరు పాడిన పాఠమో చెప్పక ‘ఈ పాట అర్థమిది’ అనుట సగము మాటయే యగును.

ఇంకను వెనుకకు పోయి చూతము. సర్వాయి పాపన్న కథ రెండు చోట్ల నిలిచినది. ఒకటి మొగలు కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారసీ గ్రంథము. రెండవది తెలుగు జనుల నోటి పాట. పాపన్న కల్లుగీత కులమున పుట్టి, షాపురమున కోట కట్టి, 1708లో వరంగల్లు పట్టణము మీద పడి దోచెను. 1709లో బహదూర్‌షా చక్రవర్తి హైదరాబాదునకు వచ్చినపుడు కానుకలిచ్చి మన్నన పొందెను. పిమ్మట మొగలు సేనలు తరుముకొని రాగా 1710లో పట్టుబడి మరణశిక్ష పొందెను. ఖాఫీ ఖాన్ దృష్టిలో అతడు నీచ కులజుడైన దొంగ. పాటలో అతడు తల్లితో వాదించి కులవృత్తి చాలదని బయలుదేరిన వీరుడు.

ఇందు ఏది నిజమని తొందరపడి అడుగరాదు. పాటలో పాపన్న అనుచరుల పేర్లు వరుసగా వచ్చును. వినువారు దానిని తాళము కొరకు సాగదీసిన పట్టిక యనుకొందురు. కాని ఆ పేర్లను జాగ్రత్తగా వినుడు. అందు చాకలి యున్నాడు, మంగలి యున్నాడు, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది ఉన్నారు. హసను, హుసేను, దూదేకుల పీరు అను ముసల్మానులు ఉన్నారు. గ్రామ సమాజమున క్రింది మెట్టున నిలిచినవారు, ఏ మెట్టునను నిలువనివారు ఒక్క జెండా క్రింద చేరిరని ఆ పట్టిక చెప్పుచున్నది. పారసీ గ్రంథము కోట ముట్టడిని, కానుకల మొత్తమును, అధికారుల పేర్లను చెప్పును. అనుచరుల కులములను చెప్పదు. ఆ విషయము ఆస్థానమునకు అక్కరలేనిది, పాట పాడినవారికి అత్యవసరమైనది. పాటను 1874లో బాయిల్ అను ఆంగ్లేయుడు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో ప్రకటించెను. అప్పటికి పాపన్న గతించి నూట అరువది నాలుగేండ్లు. అన్ని యేండ్లలో పాట మార్పు చెందియుండును. దోపిడిలో చెరపడిన కుటుంబముల దుఃఖము పాటలో మరుగున పడును. కావున ఒకదానితో ఒకటి సరిచూచుకొనుటయే మార్గము. ఇంగ్లండులో రాబిన్‌హుడ్ పాటల గతియు ఇట్టిదే. పదునాలుగవ శతాబ్దపు కావ్యమొకటి ఆ పాటలను పేర్కొన్నది. అచ్చటను న్యాయస్థానపు దస్త్రము నేరస్థుడన్నవానిని జనము నాయకుడన్నారు.

ఇప్పుడు మన కాలమునకు, మన పారిశ్రామికవాడకు వత్తము. గోరటి వెంకన్న కట్టిన పల్లె దుఃఖపు పాట 2002లో ‘కుబుసం’ చిత్రము ద్వారా ఇల్లిల్లు చేరినది. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్ల వాని బాడిస, సాలె మగ్గము ఎట్లు మూలబడినవో అది వరుసగా చెప్పుచు, కనిపించని కుట్రను నిందించును. లక్డారం వంటి గ్రామమున నేటి పిల్లలకు ఈ మాటలలో ఎన్ని తెలియును? వామనగా కుండలు కాల్చు బట్టీ. బాడిస యనగా కొయ్యను చెక్కు పనిముట్టు. కొలిమి యనగా కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చు నిప్పుల గుంట. వస్తువు పోయినప్పుడు మాట కొంతకాలము పాటలో బ్రతుకును. దానిని వివరించువారు కూడ పోయినచో అది శబ్దముగా మిగులును.

పాట చెప్పిన కారణము చరిత్రకు సరిపోవునా? కొంత సరిపోవును, కొంత సరిపోదు. మిల్లు బట్ట చేనేతను దెబ్బతీయుట బ్రిటిషు కాలమునాటి మాట. కుండ స్థానమున లోహపు గిన్నె వచ్చుట ఆర్థిక సంస్కరణలకు ఎంతో ముందే జరిగినది. పటాన్‌చెరు కర్మాగారములును 1991 నాటి సరళీకరణ విధానమునకు ముందే వచ్చినవి. వాటిని ఆహ్వానించినది మన ప్రభుత్వమే. వాటి వలన వేలాది కుటుంబములకు అన్నము దొరకినదనుటయు సత్యము. అయితే ఆ కర్మాగారముల మురికి నక్కవాగున కలిసి, పొలములను బావులను చెరిపి, మంజీర వైపు సాగినదనుటయు అంతే సత్యము. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. నష్టపోయిన రైతులకు పరిహారమిప్పింప వలసి వచ్చినది. 1990లలో ఉమ్మడిగా మురికినీటిని శుద్ధి చేయు కేంద్రమొకటి పటాన్‌చెరులో ఏర్పడినది. ఈ తేదీల వరుస పాటలో ఉండదు. పాట పద్దుల పుస్తకము కాదు. నూరేండ్లలో ఒకదాని వెంట ఒకటి వచ్చిన నష్టములను అది ఒక్క దుఃఖముగా మూటగట్టి చూపును. కారణములకు, తేదీలకు దస్త్రములను వెదకవలెను. ఆ నష్టము మనిషికి ఎట్లు తోచినదో తెలియుటకు పాటను వినవలెను.

ఈ ప్రాంతమున పాడునది తెలుగువారు మాత్రమే కాదు. బీహారు, ఒరిస్సా, ఉత్తర ప్రదేశము నుండి వచ్చినవారు ఇచ్చటి గనులలో, కర్మాగారములలో పనిచేయుచున్నారు. బీహారులోని సారణ్ జిల్లాకు చెందిన భిఖారీ ఠాకూర్ (1887-1971) భోజపురిలో ‘బిదేసియా’ అను నాటకమును రచించెను. కూలికై కలకత్తా పోయిన భర్త కొరకు ఇంట ఎదురుచూచు భార్య కథ యది. బిదేసియా యనగా పరదేశము పోయినవాడు. మన ఊరిలో ఆ పనివానిని మనము పరదేశి యందుము. అతని పాటలో పరదేశి యనగా ఇంటివారు తలచుకొని కన్నీరు పెట్టుకొను ఆత్మీయుడు. ఒకే మాట, నిలిచిన చోటును బట్టి అర్థము మారినది. పాలమూరు నుండి వలస పోయిన కూలీల గాథ లెరిగిన తెలుగువారికి దీనిని తెలిసికొనుట కష్టము కాదు.

ఇన్ని చెప్పిన పిమ్మట ఒక హెచ్చరికయు అవసరము. ప్రతి పాటలోను గూఢార్థమున్నదని వెదకుట ఇంకొక పొరపాటు. పిల్లలు కాళ్లు చాచి వరుసగా కూర్చుండి ఆడు ఆటపాట యొకటి తెలుగునాట ప్రసిద్ధము. అందలి గజ్జె యను మాటను గజ్జిగా మార్చి, తక్కిన మాటలను మూలికల పేర్లుగా భావించి, అది పూర్వుల వైద్య రహస్యమని కొందరు చెప్పుచుందురు. వినుటకు ముచ్చటగానే యుండును. కాని గజ్జె కాలికి కట్టు ఆభరణము. ఆ పాట కాళ్లను లెక్కపెట్టు ఆటకు చెందినది. వైద్యార్థమునకు ఆధారముగా పాత వైద్య గ్రంథమైనను, పాత వ్యాఖ్యయైనను చూపవలెను గదా! బతుకమ్మ పాటలలో ప్రతి పాదము చివర వచ్చు ‘ఉయ్యాలో’ అను పల్లవి విషయమును ఇంతియే. దానికి వేదాంతార్థము చెప్పనక్కరలేదు. చుట్టు తిరుగుచు చప్పట్లు కొట్టు స్త్రీలకు అడుగు కుదురుటకు, వంత పాడువారు అందుకొనుటకు, ముందు పాడునామెకు తరువాతి చరణము తలచుకొనుటకు అది వ్యవధి నిచ్చును. పని తెలిసినచో అర్థము తెలిసినట్లే.

పాటను చరిత్రకు సాక్షిగా పిలుచు పద్ధతి మనకు కొత్తది కాదు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి పురస్కారమును 1955లో అదియే పొందినది. రాజుల యుద్ధములను ప్రక్కన పెట్టి, కావ్యములందు జారిపడిన మాటల నుండి జనుల తిండి, బట్ట, ఆట, పాటలను ఆయన వెలికి తీసెను. ఒక్క పదమునకు అర్థము తెలియనిచో దాని కొరకు ఎంతయో వెదకెడివాడు. ఆయనయే 1930లో నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. తరువాత బిరుదురాజు రామరాజు జానపద గేయములపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి, 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ను ప్రకటించెను. ఆ మహనీయులు చూపిన బాట మీద నడచుటకు పాండిత్యము కంటె ఓపిక ముఖ్యము.

పాట విన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. దీనిని మొదట ఎవరు పాడిరి? ఎవరిని ఉద్దేశించి పాడిరి? ఏ పని చేయుచు, ఏ సందర్భమున పాడిరి? ఇందలి మాటకు నాడు అర్థమేమి? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగలవారు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. వెట్టిని కన్నులార చూచినవారు ఇప్పటికే అరుదు. ఏతము త్రొక్కినవారు, వాము పేర్చినవారు, నాటు వేయుచు పాట అందుకొన్నవారు కొందరు మిగిలియున్నారు. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రము 1950 ఏప్రిలు 1 నుండి ఎందరో జానపద గాయకుల కంఠములను శ్రోతలకు వినిపించినది. కాని కంఠమును భద్రపరచిన మాత్రమున అర్థము భద్రము కాదు. పాటతో పాటు పాడినవారి ఊరు, పాడిన సంవత్సరము, కష్టమైన మాటకు వారు చెప్పిన అర్థము కూడ వ్రాసియుంచవలెను. ఇండ్లలోని పెద్దలను పిల్లలు నేడే అడుగవలెను. ఒక బడి నోటుపుస్తకము, ఒక సాయంకాలము ఈ పనికి చాలును. లక్డారం పిల్లవాడు జీతమను మాటకు తన తాత కాలమున అర్థమేమో తాత నోటనే విని వ్రాసికొన్నచో, ఏ దస్త్రములోను లేని చరిత్ర కొంత ఆ పుటలో నిలుచును.